ఇంకిన నీరు, ఊరిన నీరు

"బావా! మా అమ్మ నీ మాటైతే వింటుంది. ఓసారి వచ్చి చెప్పి పో" అని ఉద్దానం నుంచి మా బావ ఫోను చేశాడు.

చెప్పవలసిన సంగతి పెద్దదేమీ కాదు. పెరట్లో నూతినీళ్లు మానేసి, వీధిలోకి వచ్చిన కుళాయినీళ్లు తాగమని మా మేనత్తకు నచ్చచెప్పాలి. కొడుకు చెబితే వినలేదు. కోడలు చెబితే వినలేదు. ఊళ్లోకి వచ్చే నర్సమ్మ చెబితే "నీ వయసెంత, నా నూతి వయసెంత?" అని అడిగిందట. ఇక మిగిలినవాణ్ణి, విజయనగరంలో పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పుకు బతికే మేనల్లుణ్ణి, నేనే. ఇరవై యేళ్లుగా పాఠాలు చెబుతున్నాను గాని నా మాట విన్నవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. అయినా వేసవి సెలవులు గదా అని సంచీ సర్దుకుని బయల్దేరాను.

విజయనగరంలో పొద్దున్నే రైలెక్కితే నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, సిగడాం ఒకదాని వెనక ఒకటి దాటిపోతాయి. సన్నఖద్దరుకు పేరుపడ్డ పొందూరూ దాటింది. శ్రీకాకుళం రోడ్డు స్టేషను రాకముందే నాగావళి వంతెన వచ్చింది. మే నెల. ఏరు ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఇసుకే. మధ్యలో సన్నని నీటిపాయ, ఎవరో ఆరవేసి మరిచిపోయిన తుండుగుడ్డలా వుంది. ఎదుటి సీటులోని పెద్దమనిషి కిటికీలోంచి చూసి "ఏరు ఎండిపోయిందండీ" అని నిట్టూర్చాడు.

నేను కాదనలేదు, అవుననలేదు. నాగావళి గాని వంశధార గాని ఒడిశా కొండల్లో పుట్టి మన జిల్లాలోకి వచ్చే నదులు. వేసవిలో వాటి నీరు సగం మంచంమీద, సగం మంచం కింద పడుకుంటుంది. పైన కనబడేది కొంచెం. ఇసుక లోపల మెల్లగా సాగేదే ఎక్కువ. ఆ లోపలి ఏటినే నమ్ముకుని మా వైపు ఎన్నో ఊళ్లు ఏటిలో ఊటబావులు దింపి తాగునీరు తోడుకుంటున్నాయి.

మన భాషలో ఒక చమత్కారం వుంది. నీరు భూమిలోకి దిగిపోతే 'ఇంకింది' అంటాం. అదే నీరు మరోచోట పైకి వస్తే 'ఊరింది' అంటాం. నుయ్యి తవ్వేవాళ్లు ఊట తగలగానే "జల పడింది" అని కేకవేస్తారు. గట్టు కింద ఎప్పుడూ తడిగా వుండే పొలాన్ని 'జాలు నేల' అంటారు. జాడీలో ఆవకాయ ఊరుతుంది, చింతకాయను చూస్తే నోరు ఊరుతుంది. మనుషులుండే చోటు కూడా ఊరే. ఆ మాటకూ ఈ మాటకూ వ్యుత్పత్తి వేరైతే వేరు కావచ్చు. ఊట లేనిచోట ఊరు వెలవదన్నది మాత్రం నిజం. ఇంత పదసంపద వుండి కూడా, ఇంకడానికీ ఊరడానికీ నడుమ నీరు చేసే ప్రయాణానికి మనకు ప్రత్యేకించి ఒక మాట లేదు. కంటికి కనబడని ప్రయాణానికి పేరు పెట్టేదెవరు?

ఉద్దానం వెళ్లేముందు ఒక రాత్రి మా సొంత ఊళ్లో ఆగాను. శ్రీముఖలింగానికి దగ్గరలో వంశధార ఒడ్డున వున్న చిన్న ఊరది. మా నాన్నగారూ, మేనత్తా పుట్టి పెరిగింది అక్కడే. సాయంత్రం మా పెదనాన్నగారి మనవణ్ణి వెంటబెట్టుకుని ఏటిలోకి దిగాను. వాడికి పదేళ్లు. "చెలమ తవ్వడం వచ్చునా?" అంటే తెల్లబోయాడు. ఇంటింటికీ కుళాయి వచ్చాక పుట్టినవాడు.

నీటిపాయకు పది అడుగుల దూరంలో ఇద్దరం చేతులతో ఇసుక తోడాం. మోచేతి లోతు వెళ్లేసరికి ఇసుక చెమర్చింది. మరి కాస్త తోడితే అడుగున నీరు చేరింది, బురద బురదగా. "ఛీ, ఇదా!" అన్నాడు వాడు. మా నాయనమ్మ నేర్పినట్టుగా ఆ తొలి ఊటను కొబ్బరిచిప్పతో తోడి పారబోశాను. రెండోసారీ పారబోశాను. మూడోసారి ఊరిన నీరు అద్దంలా వుంది. అడుగున ఇసుకరేణువులు లెక్కపెట్టేటట్టు కనబడుతున్నాయి. వాడు దోసిలితో తాగి "తాతా, ఫ్రిజ్జులో పెట్టినట్టున్నాయి!" అన్నాడు.

ఎందుకలా? గుప్పెడు ఇసుక తీసుకుని చూడండి. రేణువు పక్కన రేణువు, వాటి నడుమ సందులు. గ్లాసుడు ఇసుకలో సందులే మూడోవంతు దాకా వుంటాయి. ఆ సందుల్లోంచి వంకరటింకరగా దిగుతూ నీరు తనలోని మట్టినీ నలకనూ దారిలో వదిలేస్తుంది. బంకమట్టిలో సందులు లేవా అంటే, వున్నాయి. కొన్నిసార్లు ఇసుకలోకన్నా ఎక్కువే వున్నాయి. కాని అవి ఎంత సన్ననివంటే నీరు వాటిలో చిక్కుకుని కదలలేదు. వందమంది పట్టే ఇంటికి చీమదూరే వాకిలి పెట్టినట్టన్నమాట.

ఈ నడక వేగాన్ని మొదట లెక్కగట్టినవాడు ఫ్రాన్సు దేశపు దిజోన్ పట్టణంలోని ఇంజనీరు హెన్రీ డార్సీ. తన ఊరికి దూరపు ఊటనుంచి మంచినీరు తెప్పించిన మహానుభావుడు. ఆయన నిలువుపాటి ఇనపగొట్టంలో ఇసుక నింపి, పైనుంచి నీరు వదిలి, కింద కారేదాన్ని కొలిచి 1856లో ఒక సూత్రం ప్రకటించాడు. పై మట్టానికీ కింది మట్టానికీ తేడా రెట్టింపైతే నీరు రెట్టింపు కారుతుంది. ఇసుక మందం రెట్టింపైతే సగమే కారుతుంది. అంతే. ఈనాటికీ ప్రపంచంలో ఎక్కడ భూగర్భజలం లెక్క వేసినా ఆ ఇనపగొట్టమే ఆధారం. ఆ లెక్కన వెయ్యి అడుగులకు ఒక అడుగు వాలున్న ఏటి ముతక ఇసుకలో నీరు రోజుకు సుమారు జానెడు దూరం నడుస్తుంది. అదే వాలులో గట్టి బంకమట్టి అయితే నూరేళ్లకు వేలెడు కూడా నడవదు!

ఇసుక చేసే మేలు ఎంతటిదో జర్మనీలో ఒకసారి రుజువైంది. 1892లో హాంబర్గు నగరంలో కలరా వచ్చి ఎనిమిది వేలమందికి పైగా చనిపోయారు. వాళ్లు ఎల్బే నదినీటిని వడకట్టకుండా తాగేవారు. దాన్ని ఆనుకునే, నదికి దిగువన, ఆల్టోనా అనే పట్టణం వుంది. హాంబర్గు మురుగంతా కలిసిన నీరే దానికి గతి. కాని ఆల్టోనావారు ఆ నీటిని ఇసుకమళ్లలో నెమ్మదిగా ఇంకించి వాడుకునేవారు. అక్కడ జబ్బు చాలా తక్కువగా వచ్చింది. రెండు పట్టణాలనూ విడదీసే వీధిలో ఒకవైపు చావులు, ఒకవైపు క్షేమం. మా నాయనమ్మకు ఆల్టోనా తెలియదు. చెలమ తెలుసు.

మర్నాడు ఉదయం ముఖలింగేశ్వరుణ్ణి దర్శించుకున్నాను. తూర్పు గాంగులు రాజధానిగా ఏలిన కళింగనగరం ఇదేనని చరిత్రకారులు చెబుతారు. రాతిమీద చెక్కిన అందాలు చూడాలంటే ఒక పూట చాలదు. నన్ను మాత్రం చిన్నప్పటినుంచీ ఆకర్షించేది గర్భగుడిలో లింగం వెనకనున్న పెద్ద మట్టి గోలెం. సంతానం కోసం మొక్కుకున్న ఒక కుమ్మరి, కోరిక తీరాక ఆ గోలెం చేసి తెచ్చాడట. అది వాకిలి పట్టక కుమిలిపోతే స్వామే లోపలికి తీసుకున్నాడట. కథ ఎలా వున్నా, నీటికీ మట్టికీ స్నేహం కుదిర్చినవాడు కుమ్మరి. కాల్చిన మట్టి గుల్లగా వుంటుంది గనుకనే కుండలో పోసిన నీరు గోడలోంచి కనబడీ కనబడకుండా బయటికి చెమర్చి, గాలికి ఆవిరైపోతూ, ఆ ఆవిరయ్యేందుకు కావలసిన వేడిని లోపలి నీటినుంచి లాక్కుపోతుంది. అందుకే చెమట పట్టని కుండలో నీళ్లు చల్లబడవు. వార్నీషు పూసి షోకు చేసిన కుండ కొని మోసపోయినవాళ్లకు ఈ సంగతి తెలుసు.

గుడి బయట ఒక కుండ కొని, తిలారు చేరి, రైలెక్కాను. కుండ ఎందుకు కొన్నానో అప్పటికి నాకే తెలియదు.

నౌపడా దగ్గర కిటికీలోంచి తెల్లగా ఉప్పుమళ్లు కనబడ్డాయి. సముద్రపు నీటిని మళ్లలో నిలబెట్టి ఎండకు వదిలితే ఉప్పు తేలుతుంది. కాని నీరు నిలబడాలంటే కింద బంకనేల వుండాలి. ఇసుకనేల అయితే ఉప్పు పండేలోగా నీరంతా ఇంకిపోతుంది. ఇంకనివ్వకపోవడం అక్కడి నేల గొప్ప. మరి నలభై, యాభై కిలోమీటర్లు వెళితే కథ తిరగబడుతుంది. అక్కడ ఇంకనివ్వడమే నేల గొప్ప. అదే ఉద్దానం.

పలాస దాటి మందస, సోంపేట వైపు వెళుతుంటే ఎడమచేతివైపు దూరాన మహేంద్రగిరి, కుడివైపు సముద్రం దాకా కొబ్బరితోటలు, జీడిమామిడి, పనస. 'ఉద్యానవనం' అన్న మాటే నోటబడి ఉద్దానమైందంటారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను విరుచుకుపడి లెక్కలేనన్ని కొబ్బరిచెట్లను నేలగూల్చింది. మళ్లీ నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే తలలెత్తుతున్నాయి. సోంపేట దగ్గర 'బీల' అని పిలిచే తడినేలలున్నాయి. కొండవైపు నుంచి వచ్చే నీరు ఆగి, ఊరి, చుట్టుపక్కల మళ్లకు ఆధారమయ్యే చోటు. అక్కడ విద్యుత్కేంద్రం కట్టవద్దని 2010లో రైతులు, మత్స్యకారులు పోరాడారు. ఆ జూలైలో కాల్పులు జరిగి ప్రాణాలు కూడా పోయాయి. స్పాంజి లాంటి నేల విలువ ఆ నేలమీద బతికేవారికే తెలుస్తుంది.

ఉద్దానంలో మరో వింత వుంది. సముద్రం కూతవేటు దూరంలో పెట్టుకుని, పది పదిహేను అడుగుల నూతిలో తియ్యటి నీరు! చిన్నప్పుడు నాకిది మంత్రంలా తోచేది. ఇందులోనూ మర్మం ఇసుకదే. ఇక్కడ ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైబడి కురిసే వానలో చాలా భాగం ఇసుకలో ఇంకిపోతుంది. మంచినీరు ఉప్పునీటికన్నా తేలిక. అందుచేత నేల లోపలి ఉప్పునీటిమీద మంచినీరు, సాంబారు మీద పోపునూనెలాగా, తేలి నిలుస్తుంది. గైబెన్ అనే డచ్చివాడు పందొమ్మిదో శతాబ్దం చివర, హెర్జ్‌బెర్గ్ అనే జర్మనీవాడు 1901లో దీనికి లెక్క చెప్పారు. సముద్రమట్టానికి పైన మంచినీరు ఒక అడుగు ఎత్తుంటే, కింద సుమారు నలభై అడుగుల లోతున వుంటుంది. వినడానికి బాగానే వుంది గదా! కాని ఇదే లెక్కను తిరగేసి చూడండి. మోటార్లు పెట్టి తోడితోడి పైమట్టాన్ని ఒక అడుగు దింపితే, కింద ఉప్పు క్రమంగా నలభై అడుగులు పైకి వస్తుంది.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలింది. అత్త అరుగుమీద కొబ్బరీనెలు చీలుస్తోంది. "ఏటిరా నాయనా, ఇన్నాళ్లకి దారి తెలిసిందా?" అని, నా చేతిలో కుండ చూసి నవ్వింది. బావ లోపల మంచంమీద వున్నాడు. మనిషి సగమయ్యాడు. యాభై దాటి రెండేళ్లు. చక్కెరజబ్బు లేదు, రక్తపోటు లేదు, దురలవాటు లేదు. తోటలో ఎండా వానా అనక పనిచేశాడు. నాలుగేళ్ల కిందట కాళ్లు వాచాయని వెళితే మూత్రపిండాలు చాలావరకు చెడిపోయాయన్నారు. ఇప్పుడు డయాలిసిస్‌కు వారానికి మూడుసార్లు పలాస.

ఈ జబ్బు మా బావ ఒక్కడిది కాదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఇది తాకని ఊరు అరుదు. శ్రీలంకలో వరి పండించే రైతులకు, మధ్య అమెరికాలో చెరకు నరికే కూలీలకు ఇటువంటి జబ్బే వుంది. నీటిలో కరిగిన సిలికా అన్నారు, భారలోహాలన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో నీరు తాగకుండా చేసే చాకిరీ అన్నారు. ఇంతమంది పరిశోధించినా ఇదీ కారణమని ఇంకా తేలలేదు. అయినా అనుమానం వున్నచోట ఆగకూడదని, హిరమండలం జలాశయంనుంచి సుమారు 700 కోట్ల ఖర్చుతో గొట్టాలు వేసి నదినీటిని ఉద్దానానికి తెచ్చారు. 2023 డిసెంబరు 14న ఆ పథకమూ, పలాసలో మూత్రపిండాల ఆసుపత్రీ ప్రారంభమయ్యాయి.

చెలమ దగ్గర నేను మా పిల్లవాడికి చెప్పని సంగతి ఒకటి వుంది. ఇసుక నలకను పట్టుకుంటుంది. నెమ్మదిగా ఇంకిస్తే రోగక్రిములను కూడా చాలావరకు పట్టుకుంటుంది. కాని నీటిలో కరిగిపోయినదాన్ని పట్టుకోలేదు. పైగా నీరు ఎంత నిదానంగా నడిస్తే, దారిలో తాకిన రాయినీ మట్టినీ అంతగా తనలో కలుపుకుంటుంది. నేలమీద మనం చల్లినదాన్నీ కలుపుకుంటుంది. నూతినీటి తీపీ అలా వచ్చిందే. అందులో మరేదైనా వుంటే అదీ అలా వచ్చిందే. అద్దంలా కనబడినంతమాత్రాన నీరు మంచిదని చెప్పలేం.

రాత్రి భోజనాలయ్యాక అత్త దగ్గర కూర్చున్నాను. దారిపొడవునా కూర్చుకున్న ఉపన్యాసం మొదలుపెట్టాను. సిలికా దాకా వచ్చేసరికి ఆమె చెయ్యెత్తి ఆపింది.

"నాకు తెలవదనుకున్నావేటి? వాడు నీ చేత చెప్పిస్తున్నాడని తెలుసు. నాకు డెబ్బై ఎనిమిది. ఈ నీళ్లే తాగాను. నాకేటయింది?"

"నీకేమీ కాలేదత్తా. కాని..."

"ఒరే, ఇను. ఈ నుయ్యి మీ మావయ్య తవ్వించేడు. నేను కాపరానికొచ్చిన నాటినుంచి ఈ నీళ్లు తోడింది నేను. ఆడికి చంటినాడు పాలల్లో కలిపింది నేను. మజ్జిగలో పోసింది నేను. ఇప్పుడీ నీళ్లు మానేసేననుకో. నూతిదే తప్పని ఒప్పుకున్నట్టే గదా? మరి ఆడికి తోడి పోసిన చెయ్యి ఎవరిది?"

నా ఉపన్యాసం నోట్లోనే ఎండిపోయింది. ఇన్నాళ్లూ మేమంతా ఆమెది మూర్ఖపు పట్టుదల అనుకున్నాం. ఆ మాట ఆమెలోపల ఎన్నాళ్లనుంచి ఇంకుతూ వచ్చిందో!

లోపలినుంచి బావ దగ్గు వినబడింది. అతను వింటూనే వున్నాడు.

కాసేపటికి అన్నాను: "అత్తా, నూతిది తప్పని ఎవరూ తేల్చలేదు. పెద్దపెద్ద డాక్టర్లే తేల్చలేదు. తేలని నేరానికి నూతికి శిక్షెందుకు, నీకు శిక్షెందుకు? కొన్నాళ్లు దానికి సెలవిద్దాం. మొక్కలకు పోసుకో, గిన్నెలు కడుక్కో. తాగడానికి మాత్రం వద్దు. ఇంట్లో రేపు మనవలు పెరగాలి గదా."

"ఆ గొట్టం నీళ్లు ఎక్కడివో ఏటో!"

"ఎక్కడివో కావు. హిరమండలం నీళ్లు. వంశధారవి. మన ఊరికి కాస్త పైనుంచి వస్తున్నాయి. చిన్నప్పుడు నువ్వు చెలమ తవ్వి బిందె నింపుకున్న ఏరే అత్తా అది. నిన్న నేనూ తవ్వి తాగి వచ్చాను."

అత్త చాలాసేపు మాట్లాడలేదు. "వంశధారా?" అంది చివరికి. "ఇంత దూరం వచ్చిందా?"

ఆ 'వచ్చిందా' అన్న తీరు, పుట్టింటినుంచి ఎవరో చుట్టం వచ్చారంటే అడిగినట్టే వుంది. తరువాత ఆమె లేచి, నేను తెచ్చిన కుండను నూతినీళ్లతో కడిగి, నానబెట్టి, బోర్లించింది. కుళాయి వచ్చే వేళ ఎప్పుడని కోడల్ని అడిగింది.

మర్నాడు వంటింటి కిటికీ దగ్గర, తడి ఇసుక పోసి, దానిమీద కుండ నిలిపింది. మధ్యాహ్నానికి కుండకు చెమట పట్టింది. ముందు ఒక గ్లాసు బావకు ఇచ్చింది. అతనికి రోజుకు ఇన్ని నీళ్లేనని లెక్క వుంది. ఆ లెక్కలో సగం తాగి, మిగతాది దాచుకున్నాడు. తరువాత తను ఒక గుక్క తాగి, నోట్లో నిలిపి, మింగింది.

"చల్లగానే వున్నాయిరా" అంది. "కాని మన ఏటినీళ్ల రుచి రాలేదు."

"ఇవి ఇసుకలోంచి ఊరినవి కావు గదత్తా, అందుకని."

"పోనీలే" అంది అత్త, కుండమీద మూత పెడుతూ. "కొత్త కుండ గదా. నాలుగు రోజులు పోతే అదే వస్తుంది."